వాడిన నీరు – కానుగ తోపు

మహదేవపూర్ మండలంలోని కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అంతర్వాహినిగా సరస్వతి కూడా అక్కడ చేరుతున్నదని భక్తుల విశ్వాసం. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు జరిగినది ఈ సంగమంలోనే. ఒకే పానవట్టంపై కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు అనే రెండు లింగాలు వెలసిన ఈ క్షేత్రానికి వచ్చినవారు మొదట నదిలోకి దిగి, దోసిట నీరు తీసుకొని కళ్లకు అద్దుకుంటారు. నీటిని దైవంగా భావించే సంస్కారం మనకు తరతరాలుగా ఉన్నది. అయితే ఆ గౌరవమంతా నీరు మన దోసిలిలోకి వచ్చేవరకే పరిమితం. స్నానం చేసి, వంట చేసి, బట్టలు ఉతికి వదిలిన తర్వాత ఆ నీరు ఎటు పోతున్నదో చూడవలసిన పని తమది కాదని అందరూ అనుకుంటారు. ఈ పాఠం ఆ రెండవ నీటిని గురించినది.

ఒక ప్రయాణాన్ని గమనించండి. ఈ సంగమానికి ఎగువన ఎల్లంపల్లి వద్ద శ్రీపాదసాగర్ జలాశయం ఉన్నది. 2015 చివరి నుంచి అక్కడి గోదావరి జలాలు భారీ గొట్టాల ద్వారా హైదరాబాదు నగరానికి వెళుతున్నాయి. మహానగరంలో ఇంటింటికీ చేరి, వాడుకలోకి వచ్చి, మురుగు కాలువల్లో పడి ఆ నీరు మూసీలో కలుస్తుంది. మూసీ నల్లగొండ సీమను దాటి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. అంటే కాళేశ్వరుని పాదాల చెంతకు రావలసిన గోదావరిలో కొంత భాగం నగరవాసుల స్నానాల గదుల మీదుగా కృష్ణానదికి చేరుతున్నదన్నమాట. నదుల అనుసంధానాన్ని గురించి దేశం దశాబ్దాలుగా చర్చిస్తూనే ఉన్నది. మురుగు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా ఆ పని చేసుకుపోతున్నది!

మహదేవపూర్ ప్రజలకు నీటిని ఎత్తిపోయడంలోని ఖర్చు చెప్పనక్కరలేదు. మేడిగడ్డ బ్యారేజీ ఈ మండలంలోనిదే. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో అది మొదటి మెట్టు. 2023 అక్టోబరు 21న దాని పియర్లు కుంగిన నాటి నుంచి నడుస్తున్న వివాదం ఈ పాఠానికి విషయం కాదు. ఇంత శ్రమపడి, ఇంత విద్యుత్తు వెచ్చించి నదిని గుట్టల మీదికి ఎక్కించే జాతి, ఒక్కసారి వాడిన నీటిని అంత సులువుగా వదిలివేయడమెందుకన్నదే ఇక్కడి ప్రశ్న.

వదిలివేస్తున్న పరిమాణం తక్కువేమీ కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలోని పట్టణాలు రోజుకు 7,236 కోట్ల లీటర్లకు పైగా మురుగునీటిని ఉత్పత్తి చేస్తున్నాయి. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు, అనగా నూటికి 28 వంతులు. తక్కినది వాగులకో, చెరువులకో, నదులకో పోతున్నది. శుద్ధి చేసిన నీరు సైతం చాలాచోట్ల తిరిగి మురుగు కాలువలోనే పడుతున్నది. స్నానం చేసినవాడు మళ్లీ బురదలో దొర్లినట్లు ఉన్నది వ్యవహారం.

మురుగునీటిలో ఏమి ఉంటుంది? నూటికి 99 వంతులకు పైగా నీరే. మిగిలిన ఆ కొద్ది అంశంలో మొక్కకు అన్నమైన నత్రజని, భాస్వరం, పొటాష్ ఉంటాయి. మనిషికి శత్రువులైన సూక్ష్మజీవులు, నులిపురుగుల గుడ్లు కూడా అందులోనే ఉంటాయి. పరిశ్రమల వ్యర్థాలు కలిస్తే సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలు తోడవుతాయి. శుద్ధి కేంద్రంలో మొదట చెత్తను, ఇసుకను వేరుచేస్తారు. తర్వాత గాలిని పంపి, మేలుచేసే సూక్ష్మజీవులచేత సేంద్రియ మాలిన్యాన్ని తినిపిస్తారు. మడ్డి అడుగున చేరగా పైనీరు తేటపడుతుంది. అయినా అందులో పోషకాలు చాలావరకు కరిగే ఉంటాయి, సూక్ష్మజీవులూ పూర్తిగా నశించవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యర్థజలాలతో సేద్యం చేసేవారి కోసం 2006లో మార్గదర్శకాలు ప్రకటించింది. సాధారణంగా లీటరు నీటిలో నులిపురుగు గుడ్డు ఒకటికి మించరాదన్నది వాటిలోని ఒక ప్రమాణం. పచ్చిగా తినే ఆకుకూరకు అంతటి నిఖార్సయిన నీరు కావాలి. దీపానికో యంత్రానికో నూనె ఇచ్చే చెట్టుకు అంత కట్టడి అక్కరలేదు. నా వాదానికి మూలం ఈ భేదమే.

మూసీ దిగువ గ్రామాలలో మురుగునీటి సేద్యం కొత్త కాదు. నదికి అడ్డంగా పూర్వం కట్టిన కత్వల నుంచి చీలిన కాలువలు ఆ నీటినే పొలాలకు అందిస్తున్నాయి. వరి పండించినవారున్నారు. నీటిలో లవణాలు పెరిగి వరి దిగుబడి తగ్గినచోట పారాగడ్డి వేసినవారున్నారు. కోసిన గడ్డి పాడిపశువుల కొట్టాలకు అమ్ముడై రోజూ చేతికి రొక్కం అందుతుంది. ఆ నీటిలో మోకాలిలోతు నిలిచి గడ్డి కోసేవారిలో, నాట్లు వేసేవారిలో అధికులు స్త్రీలే. వారి కాళ్లకు దురదలు, పుండ్లు. ఆ గడ్డి మేసిన పశువుల పాలు నగరానికే తిరిగి వస్తాయి. మనం వదిలినది మన గిన్నెలోకే వస్తున్నదని తెలిసినా, ఆ రైతును తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. అతడు కోరి తెచ్చుకున్న నీరు కాదది, మనం పంపినది.

శుద్ధి చేసిన పట్టణ వ్యర్థజలాలలో కొంత భాగాన్ని తినే పంటలకు కాక, ఇంధన తైలమిచ్చే వృక్షాలకు కేటాయించాలన్నది నా అభిప్రాయం. ఈ ఆలోచన నాదేమీ కాదు. ఈజిప్టులో లక్సర్ నగరం వద్ద ఎడారి ఇసుకలో శుద్ధి చేసిన మురుగునీరు పెట్టి జట్రోఫా తోటలు పెంచారు. వాననీరు చుక్క పడని ఆ నేలలో ఆ నీటికి వేరే వాటాదారు లేడు కనుక అక్కడ అది సులువైంది. మన నేలలో ఏ చెట్టుకు పెట్టాలన్నది ముందుగా తేల్చుకోవాలి.

నా ఓటు కానుగకు. మన ప్రాంతంలో కొందరు దీనిని ‘గానుగ చెట్టు’ అనే అంటారు. నూనె ఆడే గానుగకూ దీనికీ పేరు కలిసిపోయింది. సంస్కృతంలో దీనిని కరంజమనీ, నక్తమాలమనీ అంటారు. అమరకోశంలోని వనౌషధివర్గం ఈ రెండింటినీ పర్యాయపదాలుగా చెప్పింది. రఘువంశం ఐదవ సర్గలో అజమహారాజు స్వయంవరానికి వెళుతూ నర్మదాతీరంలో విడిది చేసినపుడు, నీటి తుంపరలతో తడిసిన గాలికి అక్కడి నక్తమాల వృక్షాలు నర్తించినట్లు కాళిదాసు వర్ణించాడు. కావ్యపాఠం చెప్పేటప్పుడు నేను చాలాకాలం దానిని వర్ణనగానే భావించాను. అది వృక్షశాస్త్రం కూడానని తర్వాత గ్రహించాను. కానుగ నీటి ఒడ్డున సహజంగా పెరిగే చెట్టు. వేళ్లు కొంతకాలం నీటిలో మునిగినా చావదు, ఉప్పునేలను సహిస్తుంది, ఎండనూ సహిస్తుంది. చిక్కుడు కుటుంబానికి చెందినది కాబట్టి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. చేదు వల్ల పశువులు దాని జోలికి అంతగా పోవు. దాని రొట్టను మన పెద్దలు వరిమడిలో తొక్కి ఎరువు చేసేవారు, పుల్లతో పళ్లు తోమేవారు, నూనెను దీపానికీ చర్మవ్యాధులకూ వాడేవారు. కరంజిన్ వంటి చేదు పదార్థాలు ఉండటం వల్ల ఆ నూనె వంటకు పనికిరాదు. ఇన్నాళ్లూ దోషమనుకున్న ఈ గుణమే ఇప్పుడు మనకు కావలసినది. మహదేవపూర్ అడవుల్లో ఇప్పచెట్టు కూడా నూనెగింజ ఇస్తుంది గాని, ఇప్పనూనెను గిరిజనులు తింటారు. మురుగునీటిని ఆ చెట్టు దరికి చేర్చకూడదు.

‘ఈ మాటలు మేము ఇదివరకే విన్నాము’ అని పెద్దవారు అనవచ్చు. నిజమే, విన్నారు. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ జీవ ఇంధన కార్యక్రమాన్ని ప్రతిపాదించింది. డీజిల్‌లో 20 శాతం జీవ డీజిల్ కలపాలని, అందుకు 2012 నాటికి కోటీ 12 లక్షల హెక్టార్లలో జట్రోఫా, అంటే మన నేపాళం, పెంచాలని లెక్కవేశారు. బీడులో పడవేసినా బతుకుతుంది, నీరు అక్కరలేదు, పశువు తినదు అని ఊరూరా ప్రచారం జరిగింది. రైతులు నాటారు. మొక్క బతికింది, కాయ కాయలేదు. నీరు లేకుండా బతకడం వేరు, నీరు లేకుండా కాయడం వేరు అని గ్రహించేసరికి కొన్ని సంవత్సరాలు గడిచిపోయాయి. మేలైన విత్తనం లేకపోవడం, కాయలన్నీ ఒకసారి పండకపోవడం వల్ల ఏరే కూలి గింజ ధరను మించిపోవడం దీనికి తోడయ్యాయి. నేపాళం గింజలు తిని పిల్లలు ఆస్పత్రి పాలైన వార్తలు మీరూ చదివే ఉంటారు. 2018లో వచ్చిన జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యాన్ని కుదించి, 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం చాలునన్నది. పెట్రోలులో ఇథనాల్ 2025లో 20 శాతానికి చేరగా, డీజిల్‌లో జీవ డీజిల్ వాటా ఇంకా ఒక్క శాతానికి లోపే ఉన్నది.

ఆ వైఫల్యంలో మరో పాఠమున్నది. కాగితం మీద ‘బంజరు’ అని రాసిన భూమి ఊరివారికి బంజరు కాదు. గొర్రెలు, మేకలు మేసేది అక్కడే. పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేది అక్కడే. ఏ చెట్టు పెట్టాలో రాజధానిలో నిర్ణయించి, ఆ నేలపై ఎవరు బతుకుతున్నారో అడగకపోతే ఏ పథకమైనా అలాగే ఎండిపోతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ గోదావరికి ఆవలనే ఉన్నది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా, జైనూర్ మండలంలోని పవర్‌గూడ అనే చిన్న గిరిజన గ్రామంలో మహిళాసంఘాల వారు 2002 ప్రాంతంలో కానుగ మొక్కలు నాటారు, గింజల నుంచి నూనె తీసే యంత్రాన్ని తామే నడిపారు. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడటం వల్ల తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను ప్రపంచ బ్యాంకు 2003లో వారికి 645 డాలర్లు చెల్లించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వారికి అండగా నిలిచారు. 645 డాలర్లు పెద్ద మొత్తం కాదు. కాని చెట్టు, గింజ, గానుగ, పిండి అన్నీ ఆ స్త్రీల చేతిలోనే ఉండటం ఆ డబ్బు కంటె పెద్ద విషయం.

వేరుశనగ నూనెతో నడిచిన డీజిల్ యంత్రాన్ని 1900లో పారిస్ ప్రదర్శనలోనే జనం చూశారు. పచ్చినూనె చిక్కగా ఉంటుంది కాబట్టి మిథనాల్‌తో చర్య జరిపి గ్లిజరిన్‌ను వేరుచేస్తే పలుచని జీవ డీజిల్ వస్తుంది. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎంత వస్తుందన్నదే అసలు సమస్య. మీలో గణితం చదివేవారు నాతో కలిసి ఒక లెక్క వేయండి.

యాభై వేల జనాభా గల పట్టణాన్ని ఊహించుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నీరు ఇస్తే, అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల అంచనా. అంటే రోజుకు 54 లక్షల లీటర్లు. వేసవిలో చెట్లకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే, ఎకరానికి సుమారు 20 వేల లీటర్లు. కాబట్టి ఆ నీరు 270 ఎకరాల తోపుకు సరిపోతుంది. ఎకరానికి 80 చెట్ల చొప్పున 21,600 చెట్లు. ఎదిగిన చెట్టు ఏడాదికి 10 కిలోల గింజ ఇస్తుందనుకుందాం. కొన్ని చెట్లు ఇంతకు ఎన్నో రెట్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. అందులో నాలుగవ వంతు నూనె. మొత్తం 54 టన్నులు, అంటే ఇంచుమించు 58 వేల లీటర్లు. రోజుకు 160 లీటర్లన్నమాట. లీటరుకు 5 కిలోమీటర్లు నడిచే ఆర్టీసీ బస్సు రోజుకు 300 కిలోమీటర్లు తిరిగితే 60 లీటర్లు తాగుతుంది. యాభై వేలమంది మురుగు, 270 ఎకరాల భూమి కలిసి మూడు బస్సులను కూడా పూర్తిగా నడపలేవు.

ఈ లెక్క మొదటిసారి వేసినపుడు నాకు నిరుత్సాహం కలిగిన మాట నిజం. దేశానికి ఇంధన స్వావలంబన దీనితో వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కాని లెక్క అక్కడితో ముగియదు. నూనె తీయగా మిగిలిన 160 టన్నుల పిండిలో నూటికి 4 వంతుల నత్రజని ఉంటుంది. అది సుమారు 300 యూరియా బస్తాలతో సమానం. 2025 వానాకాలంలో యూరియా కోసం మన రైతులు తెల్లవారుజాము నుంచి వరుసల్లో నిలబడిన సంగతి గుర్తున్నవారికి ఈ అంకె విలువ తెలుస్తుంది. పొలంలో వేయడానికి ముందు ఆ పిండిలో లోహాలు ఉన్నవో లేవో పరీక్షించడం మాత్రం తప్పనిసరి. పైగా, ఏ కుంటలోనో పడి గుర్రపుడెక్క పెంచి దోమలకు నిలయమయ్యే 54 లక్షల లీటర్లకు ఒక గమ్యం దొరికింది. దీని ప్రథమ ఫలం శుభ్రత, ద్వితీయ ఫలం ఎరువు, ఇంధనం మూడవది. ఈ వరుసను తారుమారు చేసినందువల్లనే గతంలో భంగపడ్డాం.

ఆక్షేపణలు లేకపోలేదు. వానాకాలంలో చెట్లకు ఈ నీరు అక్కరలేదు, మురుగు మాత్రం ఆగదు. ఆ మూడు నెలలు నిలువ చేయడానికి చెరువు కావాలి, లేదా నదిలో వదలదగినంతగా శుద్ధి చేయాలి. ఈ నీటికి వేరే హక్కుదారులున్నారన్నది మరొక ఆక్షేపణ. శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న తాపవిద్యుత్ కేంద్రాలు శుద్ధి చేసిన మురుగునీటినే వాడాలని 2016 నాటి జాతీయ విద్యుత్ టారిఫ్ విధానం చెప్పింది. భూపాలపల్లి సమీపంలోని చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం ఉన్నది. అంతటి కేంద్రానికి రోజుకు కోట్ల లీటర్లు కావాలి. చిన్న పట్టణం ఇచ్చే 54 లక్షలు దానికి చాలవు, చెట్లకు చాలుతాయి. మహానగరాల నీరు పరిశ్రమలకు, చిన్న పట్టణాల నీరు తోపులకు పోవడం న్యాయమని నాకు తోస్తుంది.

అన్నింటికంటె బరువైన ఆక్షేపణ మూసీ ఒడ్డున గడ్డి కోసే ఆ స్త్రీది. కానుగ కాపుకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అంతవరకు ఆమె ఏమి తినాలి? ‘నీ పంట విషం, చెట్లు పెట్టుకో’ అని ఆమెతో చెప్పేవారు ఆ ఏడేళ్ల కూలిని కూడా లెక్కలో వేసుకోవాలి. వేయలేకపోతే ఆమె గడ్డిమడి జోలికి పోకూడదు. ఆమెకు పరిశుభ్రమైన నీరు అందించడమే అక్కడ ప్రభుత్వం చేయవలసిన మొదటి పని. ఆహారం పండే భూమిని ఇంధనానికి మళ్లించడానికి నేను వ్యతిరేకిని. పట్టణం చివర మురుగు నిలిచే ప్రభుత్వ స్థలం, కాలువ గట్లు, చెరువు కట్టల దిగువ భాగం, భూపాలపల్లి వైపు బొగ్గుగనుల నుంచి తవ్విపోసిన మట్టిగుట్టలు, ఇవి చాలు ప్రారంభానికి. తోపు ఎక్కడ పెట్టినా గింజ ఏరుకునే హక్కు, గానుగ యాజమాన్యం ఆ ఊరి మహిళాసంఘానికి ముందుగానే రాసి ఇవ్వాలి.

మహదేవపూర్ వంటి ఊళ్లకు శుద్ధి కేంద్రం, భూగర్భ మురుగు కాలువలు దూరపు మాట. కాని వీధి కాలువ ఊరి చివర చేరే గుంట ప్రతి ఊరిలోనూ ఉంటుంది. దానికి ముందు రాళ్లు, ఇసుక పరచి, తుంగ మొక్కలు పెంచి నీటిని నెమ్మదిగా పారనిస్తే కొంత మాలిన్యం అక్కడే ఆగుతుంది. దాని దిగువన ఇరవై కానుగ మొక్కలు నాటడానికి ఏ జాతీయ విధానమూ అవసరం లేదు, గ్రామపంచాయతీ తీర్మానం చాలు. మీ కళాశాలలో కూడా మధ్యాహ్నం చేతులు, గిన్నెలు కడిగిన నీరు ఎటో పారుతూనే ఉంటుంది. అది ఎటు పోతున్నదో రేపు వెళ్లి చూడండి. అది ఆగినచోట తొలకరికి ఒక కానుగ మొక్క నాటితే, మీరు డిగ్రీ ముగించి ఉద్యోగం వెతుక్కునే నాటికి దానికి తొలికాయ వస్తుంది.